గిర్నీ లలితమ్మ చెవులు

లాల్‌దర్వాజాలో పిండి గిర్నీలు నాలుగున్నాయి. అయినా ఎవరైనా డబ్బా చంకన పెట్టుకుని "గిర్నీకి పోయొస్త" అంటే, ఏ గిర్నీకని ఎవరూ అడగరు. లలితమ్మ గిర్నీకే. అక్కడ వరుస మరీ పొడుగున్న రోజో, లలితమ్మతో తగువు పడ్డ రోజో తప్ప తక్కిన మూడింటి ముఖం చూడరు. తగువు పడ్డవాళ్ళు కూడా పది రోజులకు మళ్ళీ వచ్చి వరుసలో నిలబడతారు. ఇంట్లో రొట్టెలు విరిగిపోతుంటే పౌరుషం ఎన్నాళ్ళుంటుంది!

అబద్ధమనిపిస్తే బుచ్చమ్మను అడగండి. సందు మలుపులో పొయ్యి పెట్టుకుని సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసి అమ్మే మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆమె జొన్నలు లలితమ్మ రాయి కింద తప్ప ఇంకెక్కడా నలగలేదు. "లలితమ్మ పిండైతే రొట్టె చేతుల్ల ఆడుకుంట సాగుతది. వేరేటోళ్ళ పిండైతే అంచులు పగుల్తయి. నా చేతులకు తెల్వదా ఏంది?" అంటుంది.

మరి ఆ గొప్ప రాయిదా, మోటారుదా? రెండూ కాదు, లలితమ్మ చెవిది అంటారు వాడకట్టు జనం. గిర్నీ తిరుగుతుంటే ఆమె తల కొంచెం కుడివైపు వంచి, కళ్ళు సగం మూసి నిలబడుతుంది. రాయి మాట వింటోందన్నమాట. రెండు రాళ్ళ మధ్య ఎడం ఎక్కువైతే రాయి మూలుగుతుందట. తక్కువైతే సన్నగా కూస్తుందట. అది విని పక్కనున్న చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పితే పిండి కుదురుకుంటుంది. ఎదురుగా కిరాణా దుకాణం విశ్వేశ్వర్ కొత్తగా దిగిన కిరాయిదార్లకు ఈ సంగతి చెప్పి మరీ పంపిస్తాడు. "ఆమెకు మనిషి మాట వినపడది. రాయి మాట వినపడ్తది! పోయి చూడుండ్రి."

ఆ మాట లలితమ్మ ఎన్నడూ కాదనలేదు. కాదనకపోవడమే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

ఈ చెవి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. భర్త రామ్‌చందర్ ఇచ్చింది. గిర్నీ అతనిది. ఇరవై మూడేళ్ళ కిందట ఒక వానాకాలం ముందు, కారుతున్న రేకులు సర్దబోయి పైనుంచి పడ్డాడు. నడుము విరిగి మంచం పట్టాడు. అప్పటికి లలితమ్మకు ముప్పై మూడేళ్ళు, కూతురు అమలకు రెండేళ్ళు. "గిర్నీ అమ్మేయ్ వదినా. ఆడమనిషి మోటరు పక్కన నిలబడుడు అయ్యే పనేనా?" అన్నది కూడా ఈ విశ్వేశ్వరే. లలితమ్మ మర్నాడు పొద్దున కొంగు బొడ్లో దోపుకుని స్విచ్చి వేసింది.

మొదటి నెల ఆమె పట్టిన పిండి సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఒకరోజు రవ్వ, ఒకరోజు మాడువాసన. తిట్టిపోసినవాళ్ళు తిట్టిపోశారు. రామ్‌చందర్ మాత్రం గిర్నీ వెనక గదిలో మంచం మీద పడుకుని గోడ అవతల తిరుగుతున్న రాయిని వింటూ ఉండేవాడు. చేతిలో ఒక స్టీలు గ్లాసు పెట్టుకున్నాడు. రాళ్ళు మరీ బిగిస్తే గోడ మీద ఒక దెబ్బ. మరీ వదిలితే రెండు దెబ్బలు. ఆమె ఉలిక్కిపడి చక్రం తిప్పేది. మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే "పదిగంటలప్పుడు ఎందుకు కొట్టిన చెప్పు?" అని పాఠం ఒప్పజెప్పించుకునేవాడు. తప్పు చెబితే ముద్ద మింగేవాడు కాదు. అంత మొండి మనిషి!

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దుటి నుంచి గ్లాసు మోగలేదు. తొమ్మిదయింది, పదయింది. లలితమ్మ మోటారు ఆపేసి, పిండి చేతులతో అలాగే వెనక గదిలోకి పరుగెత్తింది. చూస్తే రామ్‌చందర్ గ్లాసు పొట్ట మీద పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎందుకు ఉర్కొచ్చినవ్? ఇయ్యాల చెప్పేటందుకేం లేదు. నీ చెవి తయారైంది."

ఆ తర్వాత మూడేళ్ళకు అతను పోయాడు. పెళ్ళిలో పెట్టిన పుస్తెల కన్నా ఆ ఒక్క మాట ఆమెకు ఎక్కువ. ఎవరైనా "నీ చెవే చెవి లలితమ్మా" అన్నప్పుడల్లా ఆమెకు అతన్ని మెచ్చుకున్నట్టుండేది. ఛాతీ ఒక్క అంగుళం పెరిగేది. ఎందుకు పెరగదు?

ఇక చెవి పోయిన కథ. చెవి కాలో చెయ్యో కాదు, ఫలానా రోజు విరిగిందని చెప్పడానికి. ముందు కుక్కర్ కూతలు పోయాయి. మూడు కూతలకు దించాలని నిలబడితే ఒక్కటీ వినపడదు. పప్పు మాడి వాసన వచ్చాక ముక్కే చెప్పాలి. తర్వాత ఫోను మోగడం పోయింది. ఆ తర్వాత ఆడవాళ్ళ మాటల్లో సగం ముక్కలు పోయాయి. వాళ్ళ నోరు కదులుతున్నట్టు కనపడుతుంది, ఏదో అంటున్నారనీ తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. లలితమ్మ అన్నిటికీ "ఆఁ" అనడం నేర్చుకుంది. "మీ ఆడపడుచు కులాసానా?" అన్నా "ఆఁ". "మీ ఆడపడుచు పోయిందట గద?" అన్నా "ఆఁ". వెనక నుంచి పిలిస్తే పలకదు కాబట్టి, ఘమండ్ మనిషని, పొగరెక్కువని పేరు కూడా వచ్చింది.

విచిత్రమేమంటే గిర్నీ లోపల మాటలకు ఏ చిక్కూ రాలేదు. ఆ మోతలో నోటితో మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కాబట్టి, అక్కడ ఎప్పటి నుంచో అందరివీ చేతి మాటలే. బొటనవేలితో చూపుడువేలి కొస రుద్దితే పిండి మెత్తగా కావాలని. ఉప్పు చల్లినట్టు వేళ్ళు ఆడిస్తే బరకగా. చెయ్యి గుండ్రంగా తిప్పితే ఇంకోసారి వెయ్యమని. కారం పట్టిన మిషన్లో నాది వేస్తే ఊరుకోనని చెప్పడానికి నాలుక చాపి చేత్తో విసురుకుంటారు. లాల్‌దర్వాజాలో పుట్టిన ప్రతి పిల్లకీ ఇవి పలకా బలపం కన్నా ముందే వస్తాయి.

చెవులకు ఏమైందంటే లలితమ్మ దగ్గర జవాబు తయారుగా ఉంది. చెవిలో పిండి పట్టింది. ఇరవై ఏళ్ళు పిండిలో నిలబడితే జుట్టులో పడుతుంది, కనుబొమల మీద పడుతుంది, చెవిలో పడదా? ఒక్క ఆమె అనేమిటి, గిర్నీవాళ్ళందరి నమ్మకమూ ఇదే. అందుకని నెలకొక ఆదివారం చార్మినార్ దగ్గరికి పోయేది. అక్కడ గాజుల దుకాణాల పక్కన, టోపీకి సన్నని సలాక గుచ్చుకుని, చెవులు శుభ్రం చేసే మున్నా కూర్చుంటాడు. అతని తండ్రిదీ అదే పని. మున్నా నువ్వుల నూనె వెచ్చజేసి రెండు చుక్కలు వేసి, సలాకతో మెల్లగా తిప్పి, దూదికి అంటిందేదో చూపించేవాడు.

"దేఖో అమ్మా, ఆటా! పిండి. గట్టిగ కూసున్నది లోపల."

"నేను చెప్పలే? అంత పిండే," అని లలితమ్మ తృప్తిగా లేచేది. మున్నా మోసగాడు కాదు. అతనూ అది పిండే అనుకున్నాడు. అలా పదేళ్ళు నమ్మకంతో నూనె పోయించుకుంది.

కానీ ఒక సంగతి మున్నాకు కూడా చెప్పలేదు. దాదాపు పదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, విశ్వేశ్వర్ దుకాణం శనగపప్పు పడుతుంటే మాడువాసన వచ్చింది. తల వంచి విన్నది. రాయి మామూలుగానే తిరుగుతున్నట్టుంది. చక్రం బిగించి చూసింది, వదిలి చూసింది. మోత ఒక్కటే మోత. రాళ్ళు ఒరుసుకున్నప్పుడు వచ్చే ఆ సన్నని కూత ఎక్కడా లేదు. కూత రాలేదని కాదు, ఆమెకు అందలేదని ఆ క్షణాన తెలిసిపోయింది. రామ్‌చందర్ రెండోసారి పోయినట్టయింది.

ఇంకొకరైతే ఏం చేసేవారో గానీ లలితమ్మ నోరు విప్పలేదు. పిండి జారే గుడ్డ తొడుగు కింద ఎడమ చెయ్యి పెట్టింది. రాళ్ళు బిగిస్తే పిండి వేడిగా, వేళ్ళకు అంటుకుంటూ జారుతుంది. వదిలితే చల్లగా, గరుకుగా రాలుతుంది. మాడబోయే ముందు పేలాల వాసన ఒకటి లేస్తుంది. మూడు నెలలు కష్టపడి ఆ వేడి, ఆ గరుకు, ఆ వాసన పట్టుకుంది. పిండి మునుపటిలాగే కుదిరింది. అయితే తల వంచడం మాత్రం మానలేదు. కుడివైపు వంచి, కళ్ళు సగం మూసి, ఏమీ వినకుండా నిలబడేది. అందరూ చెవిని చూసేవారు. చేతిని ఎవరు చూస్తారు?

మూడేళ్ళ కిందట అమల గిర్నీలోకి వచ్చింది. బీకాం చదివి ఏడాది పాటు ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, "అమ్మా, ఆడ నేనెవరో ఎవరికీ తెల్వది. ఈడ నేను గిర్నీ లలితమ్మ బిడ్డను" అని చెప్పి రాజీనామా చేసొచ్చింది. రాగులు, కొర్రలు, జొన్నలు పట్టి సంచుల మీద తల్లి పేరు అచ్చువేయించి సంతోష్‌నగర్ దాకా ఇళ్ళకు చేర్చింది. లలితమ్మ పైకి "చదువు బూడిదల పోసినట్టయింది" అని గొణిగింది గానీ, ఆ సంచి ఒకటి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

అమలకు పని ఇట్టే పట్టుబడింది. ఎలా పట్టుబడిందంటే, నిజంగా విని! తల్లిలాగే తల కుడివైపు వంచి, కళ్ళు సగం మూసి, రాయిని వినేది. కక్కు అరిగిపోయిందని, రాయికి గాట్లు కొట్టించాలని తల్లి కన్నా రెండు రోజుల ముందే చెప్పేది. ఇన్నేళ్ళకు ఇంట్లో మళ్ళీ ఒక చెవి తయారైందని లలితమ్మ మురిసిపోయింది.

ఈ ఏడు భాద్రపదంలో సంతోష్‌నగర్ కమ్యూనిటీ హాల్లో చెవుల పరీక్షల క్యాంపు పెట్టారు. అమల బలవంతంగా స్కూటీ ఎక్కించుకుని తల్లిని తీసుకుపోయింది. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి పేరు స్రవ్య. ముందు లైటు వేసి లలితమ్మ చెవుల్లోకి చూసి ఆశ్చర్యపోయింది. అమల గట్టిగా, ముఖం ఎదురుగా పెట్టి తల్లికి ఆ మాటలు అందించింది.

"అమ్మా, ఇంత సాఫ్ ఉన్న చెవులు ఇయ్యాల నేనెవరికీ చూడలే అంటుంది మేడం."

"పిండి లేదా?"

"పిండి గాదు, నలుసు గిట్ల లేదంట."

లలితమ్మకు మున్నా మీద గర్వమూ కలిగింది, భయమూ కలిగింది. పిండి కాకపోతే మరేమిటి?

తర్వాత ఆమెను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు మిషన్ తగిలించారు. శబ్దం వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. లలితమ్మ చాలాసేపు చెయ్యి ఎత్తకుండా కూర్చుంది. బయటికి వచ్చాక స్రవ్య కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు కొంచెం పైన మొదలై, కుడివైపు, సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి మెట్లు దిగినట్టు కిందికి పడిపోయింది.

"చెవి లోపల నత్తగుల్ల లెక్క ఒకటుంటది అమ్మా. అండ్ల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటయి. శబ్దాన్ని నరానికి అందిచ్చేటివి అవే. ఏండ్ల తరబడి పెద్ద మోతల ఉంటే అవి చచ్చిపోతయి. సన్న శబ్దాలయి ముందు పోతయి. చెవి మిషన్ పెడితే మాటలు కొంత అందుతయి. కానీ పోయినయి మళ్ళ మొలవయి."

"రాయి అరిగితే కక్కు కొట్టుకుంటం. దీనికి కొట్టరాదా?" అని, అమల అందించిన మాటలు విని అడిగింది లలితమ్మ.

"దీనికి రాదమ్మా," అంది స్రవ్య. ఆ అమ్మాయి నవ్వలేదు. అందుకు లలితమ్మకు ఆమె నచ్చింది.

అంతటితో లేచొస్తే సరిపోయేది. కానీ స్రవ్య అమల వైపు చూసి, "మీరు గూడ గిర్నీలనే ఉంటరా? అయితే మీరూ కూసోండి" అంది. అమల నవ్వుతూ గదిలోకి వెళ్ళింది. నవ్వుతూనే బయటికి వచ్చింది. ఆమె కాగితం మీద గీత సాఫీగానే పోయింది, ఒక్కచోట తప్ప. అక్కడ చిన్న గుంట పడింది. మోతలో పనిచేసేవాళ్ళకు మొదట గుంట పడేది అక్కడేనని స్రవ్య చెప్పింది.

"ఇప్పుడైతే మీకు తెల్వది. ఐదారేండ్లల్ల తెలుస్తది. ఇయ్యాల్టి నుంచి మిషన్ దగ్గర చెవి కప్పులు పెట్టుకోవాలె. ఒక్క రోజు గూడ తప్పొద్దు."

ఆ గుంట మీద స్రవ్య వేలు పెట్టినప్పుడు లలితమ్మకు మాటలేవీ వినపడలేదు, వినపడాల్సిన అవసరమూ లేకపోయింది. తన కాగితం చూసినప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. కూతురి కాగితం చూశాక వచ్చింది.

లలితమ్మకు చెవి మిషన్ వచ్చింది. రెండు జతల చెవి కప్పులు కూడా వచ్చాయి, ఫ్యాక్టరీల్లో మోత అడ్డుకోవడానికి పెట్టుకునే పెద్దవి. లలితమ్మ తనవి మర్నాడే పెట్టుకుంది. అమల తనవి మేకుకు తగిలించింది.

"పెట్టుకో బిడ్డా."

"పెట్టుకుంటే రాయి మాట ఎట్ల వినపడ్తదమ్మా?"

"పెట్టుకోమన్ననా?"

"నువ్వు పెట్టుకున్నవా ఇరవై ఏండ్లు? మేడంకు గిర్నీ సంగతేం తెలుసు? నీకు అన్నీ పోయినా రాయి మాటైతే వినపడ్తనే ఉన్నది గద. నాకూ గట్లనే ఉంటది. నువ్వు ఫికర్ జెయ్యకు."

లలితమ్మ అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేకపోయింది. ఆ ఒక్కటీ చెబితే రామ్‌చందర్ ఇచ్చిన చెవి పదేళ్ళ కిందటే పోయిందని, తల వంచడమంతా నాటకమని చెప్పినట్టే. అదీ ఎవరికి? అదే చూసి నేర్చుకున్న కూతురికి! పరువు గంగలో కలిసినా పర్వాలేదు గానీ, కూతురి కళ్ళల్లో నుంచి దిగిపోవడం ఎలా?

అలా ఇరవై రోజులు గడిచాయి. బతిమాలింది, తిట్టింది. ఒకపూట అన్నం మానేసింది. అమల రెండు రోజులు పెట్టుకుంది. మూడోరోజు ఎవరి గోధుమలో మాడితే, "చూసినవా?" అని మళ్ళీ మేకుకు తగిలించింది.

దసరా ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం మోటారు ఆపి ఇద్దరూ అన్నం తింటున్నారు. అమల ముద్ద మధ్యలో ఆగి, చెవి దగ్గర అరచెయ్యి ఆడించింది.

"అమ్మా, మిషన్ బంద్ జేసినంక గూడ చెవుల కీచుమని మోగుతది. నీకు గూడ గట్ల ఉండెనా?"

ఉండేది. ఆ కీచుమనే మోత లలితమ్మకు బాగా తెలుసు. కుక్కర్ కూతల కన్నా ముందు వచ్చింది అదే. ఆమె కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

అన్నాలయ్యాక అమల మళ్ళీ మోటారు వేసింది. ఆ వేళ గిర్నీ ముందు వరుస సందు మలుపు దాటింది. మురుకులకు బియ్యం, లడ్డూలకు శనగపప్పు, డబ్బాల మీద డబ్బాలు. బుచ్చమ్మ జొన్నల మూటతో ముందు నిలబడింది. విశ్వేశ్వర్ స్వయంగా సంచి మోసుకొచ్చాడు. అమల తల కుడివైపు వంచి, కళ్ళు సగం మూసి, చక్రం మీద చెయ్యేసింది. విశ్వేశ్వర్ పక్కవాడికి వేలితో చూపించాడు. అతని పెదాలు చదవడానికి లలితమ్మకు చెవి మిషన్ అక్కర్లేదు. తల్లి చెవే బిడ్డకొచ్చింది, అంటున్నాడు.

లలితమ్మ లేచి వెళ్ళి మోటారు స్విచ్చి కట్టేసింది.

దసరా ముందు, అంత వరుస పెట్టుకుని, లలితమ్మ గిర్నీ ఆగడమా! రాయి తిరిగి తిరిగి నిలిచిపోయింది. జనం లొల్లి మొదలుపెట్టారు. అమల పైన ధాన్యం పోసే డబ్బా దగ్గర నుంచి అరిచింది. "ఏమైందమ్మా? ఎందుకు ఆపినవ్?"

"నాకు రాయి మాట వినపడది," అంది లలితమ్మ.

"ఇప్పుడు వినపడ్తలేదా?"

"ఇప్పుడు గాదు. పదేండ్ల నుంచి వినపడ్తలేదు. మీ బాపు ఇచ్చిన చెవి ఎప్పుడో పోయింది. నేను వినుకుంట పిండి పడుతలేను. వింటున్నట్టు తల వంచుతున్న, గంతే. అబద్ధం. మీ అందరికీ పదేండ్ల నుంచి అబద్ధం చెప్తున్న."

చెవిటివాళ్ళ గొంతు వాళ్ళ అదుపులో ఉండదు. మెల్లగా చెప్పాననుకుంది లలితమ్మ. సందు చివరిదాకా వినపడింది. విశ్వేశ్వర్ సంచి కింద పెట్టేశాడు. అమల ముఖంలో రక్తం లేదు.

"మరి పిండి? పిండి ఎట్ల వస్తుండె?"

లలితమ్మ ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. "దీంతోని. పిండి వేడి ఎంతున్నదో చూసుకుంట. వాసన చూసుకుంట. మూడు నెలలు పట్టింది నాకు. నీకు చేతకాదని గాదు, చెప్పేటందుకు నాకు ముఖం చెల్లలే. నన్ను చూసి నువ్వు చెవులు పోగొట్టుకుంటున్నవ్ బిడ్డా. నా పరువు కోసం నీ చెవులు పోతయా? పోనియ్య. నా పేరు పోతే పోనీ."

అమల మెట్టు దిగి వచ్చింది. ఆమెకు కోపం వచ్చింది, వచ్చిందంటే మామూలుగా కాదు. "పదేండ్లు! నాతోని గూడ చెప్పవా? నేను పరాయిదాన్నా?" అని తల్లి భుజం పట్టి ఊపేసింది. ఊపుతూనే ఏడ్చింది. లలితమ్మ కూడా ఏడ్చింది. వరుసలో ఎవరో ముక్కు చీదారు.

అప్పుడు బుచ్చమ్మ మూట దించి ముందుకొచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుంది. లలితమ్మకు అందేలా ఒక్కో మాటా సాగదీసి అడిగింది.

"అంటే, పదేండ్ల సంది నేను చేసిన రొట్టెలన్నీ చెవి వినపడకుంట పట్టిన పిండివా?"

"అవ్ బుచ్చమ్మా."

"ఓ యవ్వా! అండ్ల ఒక్క రొట్టె పగుల్తే ఒట్టు," అంది బుచ్చమ్మ, వరుస వైపు తిరిగి. "చెవితోని పట్టేటోళ్ళు ముగ్గురున్నరు గీ బస్తీల. గా చెయ్యి ఎవలకున్నది? ఏంది చూస్తున్నవ్ లలితమ్మా, వెయ్యి నీ మోటరు!"

అమల ముక్కు తుడుచుకుని మేకు మీది చెవి కప్పులు తీసి పెట్టుకుంది. లలితమ్మ స్విచ్చి వేసింది. కూతురి ఎడమ చెయ్యి పట్టుకుని గుడ్డ తొడుగు కింద పెట్టి, తన చెయ్యి పైన పెట్టింది. మొదటి డబ్బా బరకగా వచ్చింది. రెండోది కొంచెం మాడింది. మాడిన రెండు కిలోలూ లలితమ్మ తన ఇంటి డబ్బాలో పోసుకుని, ఆ డబ్బావాళ్ళకు వేరే శనగపప్పు కొలిచింది. చీకటిపడే వేళకు అమల వేళ్ళు ఎర్రబడ్డాయి. బుచ్చమ్మ పక్కకు పెట్టి ఆఖరుకు ఆపిన జొన్నల మూటకు మాత్రం తల్లి చెయ్యి తీసేసింది, ఆ పిండి పట్టింది అమలే. మర్నాడు బుచ్చమ్మ ఒక రొట్టె తెచ్చి లలితమ్మ ముందు చిరగకుండా, విరగకుండా మడిచి చూపించింది. బొటనవేలితో చూపుడువేలి కొస రుద్దింది.

ఇదంతా జరిగి నాలుగు నెలలు దాటింది. విశ్వేశ్వర్ ఇప్పుడు కిరాయిదార్లకు వేరే కథ చెబుతున్నాడు, ఈసారి చేతి గురించి. లలితమ్మ దాన్ని కాదనదు, అది నిజమే కాబట్టి. తల వంచడం మానేసింది. నిటారుగా నిలబడి, చెయ్యి అందరికీ కనపడేలా చాపి పిండి పడుతోంది.

రోజూ సాయంత్రం మోటారు ఆపాక అమల చెవి కప్పులు తీసి, అటు తిరిగి నేల ఊడుస్తుంది. లలితమ్మ తన చెవి మిషన్ తీసి కొంగున ముడేసుకుని, గడప దాకా వెనక్కి నడుస్తుంది. అక్కడ నిలబడి, తనకే వినపడనంత మెల్లగా, పెదవులు మాత్రం కదిపినట్టు, "అమలా" అంటుంది. ఆ మాట గాలిలోకి పోయిందో లేదో కూడా ఆమెకు తెలియదు.

అమల చీపురు ఆపి వెనక్కి తిరుగుతుంది.

"ఏందమ్మా?"

"ఏం లేదు బిడ్డా," అంటుంది లలితమ్మ. "ఊడువు."